ఒక్క బటన్ పలక

మూతకి 46 రోజులు

ఆఫీసు రికార్డులో ఏం రాయాలో శేషగిరిగారు చెప్తారు కాబట్టి, ఈ నోటుబుక్కు వేరే పెట్టుకున్నాను. పేరు ఇందుమతి. తొమ్మిది సొరంగాల గిడ్డంగిలో సరుకు సర్దేవాళ్లు మణికట్టుకి కట్టుకునే పలకల స్క్రీన్లు తయారుచెయ్యడం నా పని. ఆరేళ్లయింది.

పొద్దున్నే శేషగిరిగారు పిలిచారు. ఆయన గిడ్డంగి నిర్వాహకుడు. గోడ మీద పెద్ద తెర, దాని మీద సర్దుడు వేగం చూపించే ఒక గీత. ఆ గీత పచ్చగా పైకి పోతే ఆయన ఆ రోజు మనిషి. లేకపోతే ఎవరూ ఆయన గదిలోకి పోకూడదు. ఇవాళ గీత ఎర్రగా ఉంది.

"ఇందూ, నిన్నటికి లోపలికి వచ్చిన సరుకులో ఇంకా నలభైవేల పెట్టెలు గుమ్మంలోనే ఉన్నాయి. మూత పడేలోగా ఇంకో లక్ష వస్తాయి. ఒక్కో పెట్టె సర్దడానికి మనవాళ్లకి ఎంత పడుతోందో తెలుసా? తొంభై నాలుగు సెకన్లు!"

తెలుసు. తుఫాన్ల నాలుగు నెలలూ కొండదారులు మూసేస్తారు, మేం 'మూత' అనేది దాన్నే. పెద్దనీళ్లు వచ్చి తీరం మునిగాక కొండల మీద నిలిచిన ఏడు ఊళ్లూ ఆ నాలుగు నెలలు బతికేది ఈ పాత రైలు సొరంగాల్లో సర్దిన సరుకు మీదే. బియ్యం, పప్పు, నూనె, మందులు అన్నీ ఇక్కడినించే. సరైన చోట సర్దకపోతే ఉన్న సరుకు కూడా లేనట్టే.

"ఈ 'పట్టదు' బటన్ ఏమిటి? రోజుకి రెండొందల సార్లు నొక్కుతున్నారు. నొక్కినప్పుడల్లా కారణం అడుగుతుంది, ఇంకో చోటు వెతుకుతుంది, పదకొండు సెకన్లు పోతాయి. పని తప్పించుకోడానికి దొరికిన సందు అది. తీసెయ్యి."

"సార్, నిజంగానే పట్టకపోతే?"

"చోటు కేటాయించే యంత్రానికి అలమరాల్లో ప్రతి అర కొలతా తెలుసు. అది తప్పు చెప్పదు."

నేను ఇంకో అర నిమిషం వాదించాను. ఆ అర నిమిషం నా తరఫున ఎక్కడైనా సాక్ష్యానికి పనికొస్తుందేమోనని ఇక్కడ రాసుకుంటున్నాను. పనికిరాదని కూడా తెలుసు. సాయంత్రానికల్లా తీసేశాను.

మూతకి 44 రోజులు

కొత్త స్క్రీన్ చాలా అందంగా ఉంది. నేనే అనుకోవాలి మరి. పెట్టె మీది చీటీ స్కాన్ చేస్తే చోటు వస్తుంది: సొరంగం, వరస, అర. అక్కడికి వెళ్లి పెట్టి, కింద ఉన్న ఒకే ఒక్క పచ్చ బటన్ నొక్కాలి. 'పెట్టాను.' అది నొక్కితేనే తరవాతి పెట్టె ఇస్తుంది. ఐదు నిమిషాలు నొక్కకపోతే పలక కీచుమంటుంది, మనిషి పేరు గుమ్మం దగ్గరి బోర్డు మీద 'ఆగినవారు' కింద పడుతుంది. మూడుసార్లు పడితే మూత నెలల్లో లోపల పని ఉండదు. ఆ బోర్డు ఆలోచన నాది కాదు. కానీ అక్షరాలు దూరానికి కూడా కనిపించేలా నేనే పెద్దవి చేశాను.

పరీక్ష మేడమీద మా ఆఫీసులోనే చేశాం. టీ కప్పుల అలమరాకి చీటీలు అంటించి, బిస్కట్ పెట్టెలు సర్దాం. అందరం గంటలో నేర్చేసుకున్నాం. శేషగిరిగారు చప్పట్లు కొట్టారు.

మూతకి 41 రోజులు

పెట్టెకి అరవై రెండు సెకన్లు. గీత పచ్చగా నిటారుగా లేచింది. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కూడా. (తరవాత చేర్చిన మాట: ఆ సంగతి గుర్తొస్తేనే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.)

మూతకి 38 రోజులు

సర్దుడువాళ్లు మేడెక్కరు. ఎక్కకూడదని రాసిలేదు గానీ ఎక్కరు. ఇవాళ ఒకావిడ ఎక్కింది. యాభై దాటి ఉంటాయి. తలకి దీపం, చేతులకి చలిగదుల్లో వేసుకునే మందపాటి తొడుగులు, మణికట్టుకి పలక. తలుపు దగ్గరే నిలబడి గది అంతా చూసింది.

"ఈ పలకలో బొమ్మలు సేసేది ఎవులమ్మా?"

"నేనేనండీ."

"నువ్వేటి! సిన్నదానివే." లోపలికొచ్చి పలక నా బల్ల మీద పెట్టింది. "నా పేరు అప్పలకొండ. ఇరవై రెండేళ్లయింది సర్దుడు పనిలో. నిన్న మావగారు నన్ను పద్నాలుగో వరస, ఆరో అరకి పంపినాడు."

"మావగారెవరు?"

"అదే, సోటు సెప్పే యంత్రం. మేవందరం మావగారనే అంటాం. సెప్పడమే గానీ ఇనడం ఉండదు గదా." ఆమె నవ్వలేదు. "ఎల్లినాను. ఆ అరలో అప్పుడికే ఎవులో నూని డబ్బాల పెట్టె పెట్టేసున్నారు. పాత పలకలో 'పట్టదు' అని నొక్కేదాన్ని. ఇప్పుడు అది నేదు. నానేటి నొక్కాల?"

ఆ ప్రశ్నకి నా స్క్రీన్లో సమాధానం లేదు.

"మరి ఏం చేశారు?"

"ఏటి సేస్తాను? పెట్టెని వరస సివర నేల మీద ఎట్టీసి 'పెట్టాను' అని నొక్కీసినాను. నా ఎనక తొమ్మిది బళ్లు ఆగున్నాయి. అందరూ అదే సేస్తన్నారు. నువ్వు వొచ్చి సూడు."

మూతకి 37 రోజులు

వెళ్లి చూశాను. పొద్దున షిఫ్టు మొత్తం అప్పలకొండమ్మగారి వెనకే తిరిగాను, మధ్యాహ్నం నేను కూడా ఓ పలక కట్టుకుని సర్దాను.

ఆరేళ్లుగా నేను ఎంత అజ్ఞానంలో ఉన్నానో రాయాలి. చలిసొరంగంలోకి అడుగు పెట్టగానే నా అందమైన స్క్రీన్ మీద ఆవిరి కమ్ముకుంది. తొడుగు వేసుకున్న వేలికి బటన్ అందదు, అందితే రెండుసార్లు నొక్కుకుంటుంది. పెట్టె రెండు చేతులతో పట్టుకుంటే పలక నేలకేసి చూస్తుంది. చదవాలంటే పెట్టె దించాలి, మళ్లీ ఎత్తాలి. తలదీపం వెలుగు పడగానే అంకెలు మాయం. నేను ముచ్చటపడి ఎంచుకున్న సన్నటి అక్షరాల్లో 6 ఏదో 8 ఏదో తెలియదు. నాకు ముప్పై ఒకటి, కళ్లు బాగానే ఉన్నాయి. అక్కడ సగం మందికి చత్వారం.

నేను మొత్తం నలభై ఒక్క పెట్టెలు సర్దాను. అందులో ఏడింటికి యంత్రం చెప్పిన అర ఎత్తు చాలలేదు. రెండు అరల్లో అప్పటికే వేరే సరుకుంది. తొమ్మిదిసార్లు అబద్ధం నొక్కాను. ఇంకో దారి లేదు. నేనే మూసేశాను.

"మరి ఎక్కడ పెట్టింది ఎక్కడుందో తరవాత ఎలా తెలుస్తుంది?" అన్నాను.

అప్పలకొండమ్మగారు అరలో అప్పటికే ఉన్న ఒక పెట్టె చూపించింది. దాని మీద సుద్దతో '14-6 నిండింది. ఇక్కడికి రావలసింది 17-2 లో ఉంది' అని రాసుంది. ఆ పక్క వరస చివర కూడా అలాంటివే. వాళ్లలో వాళ్లే సుద్దముక్కలతో ఒక లెక్క నడుపుకుంటున్నారు. మావగారికి తెలియని గిడ్డంగి వాళ్ల సుద్దలో ఉంది.

మూతకి 33 రోజులు

'పట్టదు' బటన్ వెనక్కి పెట్టి, అంకెలు పెద్దవి చేసి, కొత్త స్క్రీన్ పట్టుకెళ్లాను. శేషగిరిగారు గోడమీది గీత చూపించారు.

"యాభై ఎనిమిది సెకన్లు! ఏడు ఊళ్ల సమితి నించి నాకు ఫోనొచ్చింది, అభినందించారు. ఇప్పుడు దీన్ని చెడగొడతావా?"

"సార్, ఆ యాభై ఎనిమిది సెకన్లూ నిజం కాదు. అరల్లో లేని పెట్టెలు ఉన్నట్టు నొక్కుతున్నారు."

"ఉన్నట్టు నొక్కితే ఉన్నట్టే. నొక్కినవాళ్లది బాధ్యత." ఆయన కంఠం తగ్గించి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "నువ్వు కిందకెళ్లి వాళ్లతో తిరుగుతున్నావట. సానుభూతి మంచిదే, కానీ స్క్రీన్ సానుభూతితో చెయ్యకూడదు ఇందూ."

బయటికొచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. కోపంలో మెట్లు దిగడం మంచిది కాదు.

మూతకి 29 రోజులు

సుద్ద నిషేధించారు. 'పెట్టెలపై అనధికార రాతలు రాసినవారిపై చర్య తీసుకోబడును.' ఇద్దరు మనుషుల్ని పెట్టి తడిగుడ్డలతో పెట్టెలన్నీ తుడిపించారు. గిడ్డంగిలో ఏది ఎక్కడుందో నిజంగా తెలిసిన ఒకే ఒక్క రికార్డుని బకెట్లో నీళ్లతో కడిగేశారు. పైగా గిడ్డంగి శుభ్రంగా ఉందని సంతోషించారు.

అప్పలకొండమ్మగారు తుడిచిన పెట్టెల వైపు చూస్తూ నిలబడింది. "కొంత నా బుర్రలో ఉందిలే," అంది. "కానీ నా బుర్ర ఎంతని పడుద్ది?"

మూతకి 11 రోజులు

ఇన్నాళ్లూ రాయలేదు. ఇవాళ రాయక తప్పదు.

నిన్న పొద్దున డాక్టరు మందుల నిల్వ చూడ్డానికి వచ్చారు. తొమ్మిదో సొరంగంలో చిన్న చల్లగది ఉంది. అందులో నలభై పెట్టెలు ఇన్సులిన్. తలుపు తీస్తే లోపలినించి వేడిగాలి కొట్టింది. గదిని చల్లబరిచే యంత్రం ఎప్పుడో ఆగిపోయింది. ఆ సొరంగం పడమటి ముఖం, రేకు తలుపులు, తుఫాన్లకి ముందు ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. పదమూడు రోజులు ఆ వేడిలో మగ్గాయి. ఒక్క సీసా కూడా వాడొద్దన్నారు డాక్టరు.

ఒక్కో పెట్టె అటూ ఇటూగా పదిమందికి నాలుగు నెలలు సరిపోతుంది. అంటే నాలుగు వందలమంది.

మధ్యాహ్నానికి నోటీసు అంటించారు. సర్దుడు కార్మికురాలు బి. అప్పలకొండ, నిర్లక్ష్యం, విచారణ పూర్తయ్యేదాకా పనినించి తప్పించడమైనది. రుజువు ఏమిటంటే, పలక రికార్డు. '10.42. ఇన్సులిన్ బండి, ఒకే చీటీ, 40 పెట్టెలు. తొమ్మిదో సొరంగం, చల్లగది. పెట్టాను. నిర్ధారించినవారు: అప్పలకొండ.'

నా స్క్రీన్. నా పచ్చ బటన్. దాన్ని ఆమె మెడకి కట్టారు.

మూతకి 10 రోజులు

ఆమె ఉంటున్న గదుల వరసకి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమని పీట తోసింది.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్తారా?"

"మావగారు మూడో సొరంగం సెప్తాడనుకున్నాను. ఇన్సులిన్ ఎప్పుడూ అక్కడికే ఎల్తాది. మూడు నిండిపోయింది, తొమ్మిదికి ఎల్లమన్నాడు. ఎల్లినాను. తలుపు తీసీసరికి కుంపట్లో సెయ్యెట్టినట్టుంది. అక్కడే నిలబడ్డాను. పలకలో ఎక్కడైనా 'ఇక్కడ వేడిగుంది' అనడానికి సోటుందేమోనని అటూ ఇటూ నొక్కి సూసినాను. నేదు. కీచుమనడం మొదలెట్టింది. ఎనకాల బళ్లోళ్లు కేకలు. అప్పుడికే నా పేరు బోర్డు మీద రెండుసార్లు పడిపోనాది."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు సెప్పనేదు? గోడ ఫోన్లో శేషగిరిబాబుకే సెప్పినాను. బాబూ, ఇక్కడ సల్లగా నేదు అన్నాను. 'నాకు చెప్తే ఎలా, పలకలో చెప్పు' అనీసి ఎట్టీసినాడు."

గింజ తీస్తున్న చెయ్యి ఆగింది.

"పలకలో సెప్పడానికి పలకకి సెవి నేదు కదమ్మా."

పాత 'పట్టదు' నొక్కితే వచ్చే కారణాల్లో మూడోది నాకు బట్టీ వచ్చు. 'గది చల్లగా లేదు.' అది నొక్కితే మరమ్మతువాళ్లకి నేరుగా కబురు పోయేది. ఆ వరస రాసింది నేనే, ఆరేళ్ల కిందట. పదకొండు సెకన్లు మిగల్చడానికి చెరిపేసింది కూడా నేనే. ఆ మాట ఆమెతో చెప్పాను. ఆమె చింతపండు పక్కకి జరిపింది.

"మరి ఎల్లుండి ఇచారణలో ఆళ్ల ముందు కూడా ఇలాగే సెప్తావా?" అని అడిగింది.

మూతకి 8 రోజులు

విచారణ. ఏడు ఊళ్ల సమితి తరఫున మెహరున్నీసాగారు వచ్చారు. ఒకప్పుడు స్కూలు హెడ్‌మాస్టరు, ఇప్పుడు సమితి పెద్ద. సన్నగా, కళ్లజోడుతో, ఎవరు మాట్లాడినా కళ్లార్పకుండా వినే మనిషి.

శేషగిరిగారు గంటసేపు మాట్లాడారు. గది వేడిగా ఉందని తెలిసీ పెట్టింది. పెట్టి నిర్ధారించింది. రికార్డు అబద్ధం చెప్పదు. ఫోన్ సంగతి అడిగితే, "రోజుకి వంద ఫోన్లు వస్తాయండీ, గుర్తులేదు" అన్నారు. అప్పలకొండమ్మగారు ఆయన ముఖం వైపే చూస్తోంది. ఆయన ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తరవాత నన్ను పిలిచారు. నన్ను పిలిపించింది శేషగిరిగారే. పలక సరిగ్గా పనిచేస్తోందని చెప్పడానికి.

"ఆ రోజు స్క్రీన్లో లోపమేమైనా ఉందా అమ్మా?" అని అడిగారు మెహరున్నీసాగారు.

"లేదండీ. ఎలా తయారుచేశామో అలాగే పనిచేసింది."

శేషగిరిగారు తలాడించారు.

"అందుకే నలభై పెట్టెలు పాడయ్యాయి," అన్నాను. "మేడం, మీరొకసారి నాతో కిందకి రావాలి. మాటల్లో చెప్తే ఇది అర్థం కాదు. నాకు ఆరేళ్లు అర్థం కాలేదు."

శేషగిరిగారు లేచి, ఇది పద్ధతి కాదన్నారు. ఆవిడ అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు.

మొదటి సొరంగంలో ఆవిడ చేతులకి తొడుగులు వేశాను. మణికట్టుకి పలక కట్టాను. పప్పు పెట్టె ఒకటి చేతికిచ్చాను. ఎనిమిది కిలోలు, సర్దుడువాళ్లు మోసేవాటిలో చిన్నది. ఆవిడ స్కాన్ చేశారు. యంత్రం నాలుగో వరస, తొమ్మిదో అర చెప్పింది. నేను ముందుగా ఏర్పాటేమీ చెయ్యలేదు, చెయ్యక్కర్లేదని నాకు తెలుసు. మొదటి అర ఖాళీగానే ఉంది, పెట్టారు. రెండో పెట్టె కూడా సరిపోయింది. శేషగిరిగారు నవ్వుతున్నారు. మూడో పెట్టెకి యంత్రం చెప్పిన అరలో సబ్బుల పెట్టె ఉంది.

ఆవిడ పెట్టె ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. "ఇందులో వేరేది ఉందే!"

"అవునండీ. పలకలో చెప్పండి."

పెట్టెని మోకాలికి ఆనించుకుని, పలక తిప్పి చూశారు. పైన చూశారు, కింద చూశారు. తొడుగు వేలితో అక్కడా ఇక్కడా తట్టారు.

"ఎక్కడ చెప్పాలమ్మా?"

ఆవిడ ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఐదు నిమిషాలు గడిచాయి. ఆవిడ చేతులు దిగుతున్నాయి. అప్పలకొండమ్మగారు ముందుకొచ్చి పెట్టెకి అడుగున చెయ్యి వేసి కొంత బరువు తను తీసుకుంది. పలక కీచుమంది. దూరాన గుమ్మం దగ్గర బోర్డు మీద, నేను పెద్దవి చేసిన అక్షరాల్లో, 'ఆగినవారు: అతిథి' అని పడింది.

"దీన్ని ఎలా ఆపాలి?"

"ఒకటే దారి మేడం. 'పెట్టాను' అని నొక్కాలి."

"పెట్టలేదు కదా!"

"పెట్టలేదండీ."

మెహరున్నీసాగారు పెట్టె నేలమీద దించారు. పలక విప్పి శేషగిరిగారి చేతిలో పెట్టారు. "మీరు చేసి చూపించండి," అన్నారు. స్కూల్లో పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచినట్టు ఉంది ఆ గొంతు. ఆయన పలక పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. నొక్కలేదు.

అప్పుడు నా దగ్గరున్న కాగితం ఇచ్చాను. బటన్ తీసెయ్యడానికి ముందురోజు 'పట్టదు' రెండు వందల పన్నెండు సార్లు నొక్కారు. మర్నాటి నించి ఒక్కసారి కూడా లేదు. "సొరంగాలన్నీ ఒక్క పూటలో బాగుపడలేదండీ. చెప్పే నోరు మూసేశాం. ఆ పని చేసిన చెయ్యి నాది. చెయ్యమన్నది ఈయన. ఈవిడ చేసిందల్లా మేం మిగిల్చిన ఒక్క బటన్ నొక్కడం."

మూతకి 5 రోజులు

సమితి ఆజ్ఞ మీద మూడు రోజులుగా పలకలన్నీ గుమ్మంలో కుప్పపోసి, సరుకంతా మనుషులే లెక్కపెడుతున్నారు. అప్పలకొండమ్మగారు ముందు నడుస్తోంది, నేను వెనక రాసుకుంటున్నాను. మేడమీది వాళ్లందరూ కూడా దిగారు, దిగక తప్పలేదు.

మూడో సొరంగం, నిండిపోయిందని యంత్రం చెప్పిన చలిసొరంగం, లెక్కపెట్టాం. నూట పద్దెనిమిది అరలు ఖాళీ. ఎత్తు చాలక పెట్టెలు బయట వదిలేసి 'పెట్టాను' అని నొక్కిన అరలు అవి. ఇన్సులిన్ పెట్టెలు చిన్నవి, నలభైకి నలభై అరలు చాలు. చల్లగా, చీకటిగా, శుభ్రంగా ఖాళీగా ఉన్నాయి అన్నీ. అక్కడ నిలబడి నేను ఒక బూతుమాట గట్టిగా అన్నాను. సొరంగం దాన్ని రెండుసార్లు తిరిగి చెప్పింది. ఎవరూ తప్పు పట్టలేదు.

మూతకి 4 రోజులు

సమితి ఉత్తర్వు వచ్చింది. అప్పలకొండమ్మగారిని తిరిగి పనిలోకి తీసుకున్నారు. 'కార్మికురాలి పొరపాటును మానవతా దృక్పథంతో క్షమించడమైనది' అని రాసుంది, కింద సంతకం పెట్టమన్నారు.

నేను చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, గుమాస్తా బల్ల మీద పెట్టింది.

"క్షమించడానికి నానేటి తప్పు సేసినాను? మళ్లీ రాసి తెండి."

"పని వచ్చింది కదమ్మా, సంతకమే కదా," అన్నాడు గుమాస్తా.

"పని నాకు రాదేటి? ఇరవై రెండేళ్లు సేసినాను. మాట మార్చి రాసి తెండి, అప్పుడే సంతకం ఎడతాను."

సాయంత్రం కల్లా మెహరున్నీసాగారే వేరే కాగితం పంపించారు. 'కార్మికురాలి తప్పు లేదు' అని మూడే ముక్కలు. అప్పలకొండమ్మగారు కూడబలుక్కుంటూ తనే చదువుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది.

శేషగిరిగారిని దక్షిణ గిడ్డంగికి మార్చారు. శిక్ష కాదు, బదిలీ. వెళ్తూ గోడమీది పచ్చగీత బొమ్మ కూడా ప్రింటు తీయించుకుని పట్టుకెళ్లారు.

మూతకి 3 రోజులు

చివరి లారీల్లో ముప్పై నాలుగు పెట్టెలు ఇన్సులిన్ వచ్చింది. ఆరు పెట్టెలు తక్కువ. ఇంక రాదు. డాక్టరు ఊరూరా జాబితా తీసి, దిగువన మైదానంలో ఆసుపత్రి దగ్గరికి పంపాల్సినవాళ్ల పేర్లు రాశారు. అరవై ఒక్కమంది. నాలుగు నెలలు ఇల్లు వదిలి, ఎవరినీ ఎరగని చోట, దారులు తెరిచేదాకా ఉండాలి. ఆ జాబితా శుభ్రంగా రాసే పని నేనే అడిగి తీసుకున్నాను.

మూతకి 1 రోజు

పొద్దున ఎనిమిదింటికి బస్సులు రెండు. గాలి అప్పుడే మారింది. అప్పలకొండమ్మగారూ నేనూ సామాన్లు ఎక్కించడానికి వెళ్లాం. ఎవరి పెట్టె ఎక్కడ పెట్టాలో ఆమె కళ్లతోనే కొలిచి చెప్తోంది.

జాబితాలో పన్నెండోవాడు కిన్నెర సోమన్న, ఎగువూరులో ఒంటరిగా ఉంటాడు, డెబ్బై ఏళ్లు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"ఎందుకు సరిపోలేదు మందు? ఎవరూ సరిగ్గా చెప్పడంలేదు. యంత్రం అంటున్నారు, వాతావరణం అంటున్నారు. యంత్రం దానంతటదే చేసుద్దా?"

అప్పలకొండమ్మగారు నా వైపు చూసింది.

"లేదండీ," అన్నాను. "మా నిర్వాహకుడు చెయ్యమన్నాడు, నేను చేశాను. ఈ చోటు బాగోలేదు అని పనివాళ్లు చెప్పే దారి పలకలోంచి తీసేశాను. అందుకే మందు వేడిగదిలోకి పోయింది. మీరు వెళ్లాల్సి వస్తున్నది అందుకే."

ఆయన నన్ను కిందినించి పైదాకా చూశాడు. పరవాలేదమ్మా అంటాడేమోనని నాలో ఎక్కడో ఒక ఆశ ఉంది. సిగ్గుతో రాస్తున్నాను. ఆయన అనలేదు.

"అయితే నా మేకలకి నాలుగు నెలలు మేత ఎవరేస్తారు?" అన్నాడు.

"ఎన్ని?"

"రెండు. ఒకటి పొడుస్తది."

"నేను వేస్తాను."

"తాటాకుల పాక, గాలికి పైకప్పు లేస్తది. తాడేసి కట్టాలి. పొడిచేదాన్ని ముందు కట్టు, రెండోది దాని వెనకే వస్తది." ఇల్లెక్కడో చెప్పి, తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కాడు.

మూత 9వ రోజు

వాన ఆగడంలేదు. పనికేమీ లోటు లేదు. కొత్త పలక తయారవుతోంది. ఈసారి బిస్కట్ పెట్టెలతో కాదు, చలిసొరంగంలోనే, తొడుగులతోనే పరీక్ష. అప్పలకొండమ్మగారు ఇప్పటికి నా స్క్రీన్లు ఐదు తిరగ్గొట్టింది. అంకెలు అరచేయంత ఉండాలంది. రెండు బటన్లూ ఒకే సైజులో, చెరో బొటనవేలి కింద ఉండాలంది. నేను 'పట్టదు' అని రాస్తే ఒప్పుకోలేదు.

"పట్టడం ఒక్కటేటమ్మా? ఒక్కోసారి పడతాది, కానీ అక్కడ ఎట్టకూడదు. 'ఇక్కడొద్దు' అని రాయి."

రాశాను.

పొద్దున రేడియోలో దక్షిణ గిడ్డంగి నించి కబురొచ్చింది. శేషగిరిగారు పంపారు. అక్కడ పెట్టెకి తొంభై సెకన్లు పడుతున్నాయట. మన పాత స్క్రీన్, ఆ ఒక్క బటన్‌ది, వెంటనే పంపమన్నారు. 'నీ ప్రతిభ మీద నాకు నమ్మకముంది ఇందూ' అని చివర్లో ఒక మాట.

రాసుకున్న కబురు ఒకసారి కాదు, నాలుగుసార్లు చదివాను. నెల తిరక్కుండానే. అరవై ఒక్కమంది ఇంకా పరాయి వసారాల్లో పడుకుంటుండగానే.

మైకు తీసుకుని జాబితా చదవడం మొదలుపెట్టాను. పేరు, ఊరు, వయసు. మొదటి పేరునించి అరవై ఒకటోదాకా. అవతలి రేడియో మనిషి మధ్యలో రెండుసార్లు ఆపబోయాడు, ఇదేం జవాబు అన్నాడు. రాసుకోమన్నాను. మొత్తం రాసుకున్నాక శేషగిరిగారికి చదివి వినిపించమన్నాను. దక్షిణ గిడ్డంగి సర్దుడువాళ్లు పనిలోకొచ్చే వేళ గుమ్మం దగ్గర మళ్లీ గట్టిగా చదవమన్నాను, ఎందుకు వెళ్లారో కూడా కలిపి. ఇదే సంగతి మెహరున్నీసాగారికి కూడా పంపాను. స్క్రీన్ మాత్రం పంపలేదు, అడిగినా దొరకకుండా చెరిపేశాను.

ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

ఇంకా రాయాలనుంది గానీ, సోమన్న మేకల పాక కప్పు ఒక పక్క లేస్తోందని ఎగువూరు నించి ఎవరో కేకేసి చెప్పి వెళ్లారు. అప్పలకొండమ్మగారు అప్పటికే మోకుతాడు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. పొడిచేదాన్ని పట్టుకునే పని నాదట.